ఇండికా ప్రాబల్య గంజాయి రకాలు: పుట్టుపూర్వోత్తరాలు, లక్షణాలు, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఉపోద్ఘాతం

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమనున్న నడిగడ్డ ప్రాంతంలో విత్తనం అన్న మాటకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. జోగులాంబ గద్వాల జిల్లాలోని గట్టు, మల్దకల్, అయిజ మొదలైన మండలాల రైతులు దశాబ్దాలుగా హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి చేస్తున్నారు. స్థానికంగా దీనిని 'సీడ్ పత్తి' అంటారు. పక్కనున్న వనపర్తి జిల్లా యాసంగి వేరుశనగకు పేరు పొందినది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదం, కంది వంటి మెట్ట పంటలలో ఎన్నో రకాలను రైతులకు అందించినది. ఇటువంటి ప్రాంతంలోని రైతుకు ఒక రకానికి పేరు ఉన్నదంటే దాని వెనుక ఒక వంశం, ఒక పరీక్ష, ఒక బాధ్యత ఉన్నాయన్న నమ్మకం సహజంగానే ఉంటుంది.

ఈ నమ్మకాన్ని ఆసరాగా చేసుకొని ఇటీవలి కాలంలో కొన్ని కొత్త పేర్లు పల్లెలకు చేరుతున్నాయి. 'ఇండికా', 'సటైవా', 'హైబ్రిడ్', 'హెంప్' అన్న మాటలు చరవాణి తెరల మీద, వ్యాపార ప్రకటనలలో విరివిగా కనబడుతున్నాయి. ఇండికా రకం మత్తు తక్కువగా, నిద్ర ఎక్కువగా ఇస్తుందని, అది ఔషధ రకమని, ఒక స్థాయి కంటే మత్తు పదార్థం తక్కువైతే సాగుకు అభ్యంతరం లేదని ప్రచారం జరుగుతున్నది. ఈ మాటలను వ్యవసాయ విద్యార్థులు సైతం శాస్త్ర సత్యాలుగా స్వీకరించడం కనబడుతున్నది. విద్యార్థి పొరబడితే పరీక్షలో మార్కులు తగ్గుతాయి. రైతు పొరబడితే పదేండ్ల వరకు కారాగారం ఎదురు కావచ్చు.

అందువలన ఇండికా ప్రాబల్య రకాలుగా చెలామణి అవుతున్న గంజాయి మొక్కల పుట్టుపూర్వోత్తరాలను, రూప, రసాయన లక్షణాలను, వాటి పేర్లకు ఉన్న శాస్త్రీయ విలువను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇండికా అన్న పేరు మొక్క ఆకారాన్ని కొంతవరకు సూచించగలదే గాని, దాని రసాయన గుణాన్ని గాని, చట్టపరమైన స్థితిని గాని నిర్ణయించజాలదన్నది ఈ వ్యాస సారాంశం.

ఇండికా అన్న పేరు ఎట్లా వచ్చినది?

గంజాయి కన్నాబేసీ కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. బీరు తయారీలో వాడే హాప్స్ తీగ దీనికి దగ్గరి బంధువు. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టినారు. ఆయనకు బాగా తెలిసినది ఐరోపాలో నార కోసం పండించే మొక్క. సటైవా అనగా 'సాగు చేయబడునది' అని అర్థం.

ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త సొన్నెరా భారతదేశం నుండి సేకరించిన నమూనాలను పరిశీలించి, లామార్క్ 1785లో కన్నాబిస్ ఇండికా అన్న రెండవ జాతిని ప్రతిపాదించినారు. ఈ మొక్క ఐరోపా నార మొక్క కంటె భిన్నమైనదని, దీనికి మత్తు గుణం ఉన్నదని ఆయన గుర్తించినారు. అనగా ఇండికా అన్న పేరుకు మూలం మన దేశపు మొక్కయే. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఒషానెస్సీ 1839లో భారతీయ గంజాయి మందుల మీద తన పరిశీలనలను వెలువరించిన తరువాత, కన్నాబిస్ ఇండికా అన్న పేరు పాశ్చాత్య ఔషధశాలలకు ఎక్కినది. అమెరికా ఔషధ సంహితలో 1850లో చేరిన గంజాయి 1942లో తొలగించబడినది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పేరు అర్థం మారినది. రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ 1924లో అఫ్ఘానిస్తాన్‌లో పర్యటించి అక్కడి గంజాయి మొక్కలను వర్ణించినారు. 1970 దశకంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షుల్టెస్ అఫ్ఘానిస్తాన్‌లో పొట్టిగా, గుబురుగా, వెడల్పు పత్రకాలతో ఉన్న మొక్కలను చూసి వాటిని ఇండికాగా పరిగణించినారు. ఆ తరువాత అండర్సన్ 1980లో ప్రచురించిన రేఖాచిత్రాలు సటైవా అంటే ఎత్తైన సన్న ఆకుల మొక్క, ఇండికా అంటే పొట్టి వెడల్పాకుల మొక్క అన్న భావనను స్థిరపరచినవి. వ్యాపార లోకం ఈ చిత్రాలనే ప్రమాణంగా తీసుకొన్నది.

ఫలితంగా ఒక విచిత్రమైన తారుమారు జరిగినది. లామార్క్ ఇండికా అని పిలిచిన భారతదేశపు సన్నాకు మొక్కను నేటి వ్యాపారులు సటైవా అంటున్నారు. వారు ఇండికా అనేది అఫ్ఘాన్ వెడల్పాకు మొక్కను. లిన్నేయస్ సటైవా అని పేరు పెట్టిన నార మొక్క ఈ వాడుకలో 'హెంప్' అయినది. అందువలన పాత గ్రంథంలోని ఇండికాను, నేటి ప్రకటనలోని ఇండికాను ఒకటిగా భావించరాదు.

వర్గీకరణ శాస్త్రంలో స్మాల్, క్రాంక్విస్ట్ 1976లో చేసిన ప్రతిపాదన విస్తృతంగా ఆమోదం పొందినది. దీని ప్రకారం గంజాయి అంతా కన్నాబిస్ సటైవా అన్న ఒకే జాతి. అందులో సటైవా, ఇండికా అన్నవి రెండు ఉపజాతులు. మెక్‌పార్ట్‌లాండ్, స్మాల్ 2020లో ఇండికా ఉపజాతిలోనే భారతీయ సాగు మొక్కలను ఇండికా అని, అఫ్ఘాన్ సాగు మొక్కలను అఫ్ఘానికా అని వేరు వేరు రకాలుగా గుర్తించినారు. ఈ వర్గీకరణలో వ్యాపారపు ఇండికా, వ్యాపారపు సటైవా రెండూ ఒకే ఉపజాతి కింద చేరుతున్నాయన్నది విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం.

ఇండికా ప్రాబల్య రకాల రూప లక్షణాలు

ముందుగా 'ప్రాబల్యం' అన్న మాటను సరిచూడాలి. జన్యుశాస్త్రంలో ఒక యుగ్మవికల్పం మరొకదానిపై బహిర్గతత్వం చూపుతుందని చెబుతాం. ఇండికా ప్రాబల్యం అన్నప్పుడు ఆ అర్థం లేదు. సంకర మొక్క పూర్వీకులలో వెడల్పాకు అఫ్ఘాన్ వంశపు వాటా సగానికి మించి ఉన్నదని విత్తన వ్యాపారి చెప్పుకొనే మాట మాత్రమే అది.

ఈ వర్గపు మొక్కలు సాధారణంగా పొట్టిగా, శంఖువు ఆకారంలో గుబురుగా పెరుగుతాయి. కణుపుల మధ్య దూరం తక్కువ. పత్రకాలు వెడల్పుగా, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. పుష్పగుచ్ఛాలు దట్టంగా ఉండి త్వరగా పక్వానికి వస్తాయి. దీనికి భిన్నంగా దక్షిణాసియా సన్నాకు మొక్కలు ఎత్తుగా పెరిగి, పొడవైన సన్నని పత్రకాలతో, వదులైన పుష్పగుచ్ఛాలతో ఆలస్యంగా పక్వమవుతాయి.

ఈ తేడాలకు కారణం ఆయా ప్రాంతాల వాతావరణమే. గంజాయి ప్రధానంగా హ్రస్వ పగటి మొక్క. రాత్రి నిడివి ఒక స్థాయికి పెరిగినప్పుడు పూత మొదలవుతుంది. అఫ్ఘానిస్తాన్ పర్వత ప్రాంతాలు సుమారు 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్నాయి. అక్కడ వేసవిలో పగలు పద్నాలుగు గంటలు దాటుతుంది, చలి త్వరగా వస్తుంది. అందుచేత పగలు కాస్త తగ్గగానే పూసి త్వరగా ముగించే మొక్కలే అక్కడ నిలిచినవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 16 డిగ్రీలకు కొద్దిగా పైన ఉన్నాయి. ఇక్కడ సంవత్సరంలోని అతి పొడవైన పగలు కూడా సుమారు 13 గంటలే. ఉత్తర అక్షాంశాల రకం ఇటువంటి చోట ఎదగకముందే పూతకు వచ్చే అవకాశం ఎక్కువ. సోయాబీన్ రకాలను ఒక అక్షాంశం నుండి మరొక అక్షాంశానికి మార్చినప్పుడు ఇటువంటి మార్పునే చూస్తాం. పొడి వాతావరణానికి అలవాటు పడిన దట్టమైన పుష్పగుచ్ఛాలు తేమ ఉన్నచోట బూజు తెగుళ్ళకు సులభంగా లోనవుతాయి. కనుక వ్యాపార ప్రకటనలో చూపిన రూపం ఆ రకానికి మాత్రమే చెందిన స్థిర గుణం కాదు. జన్యురూపం, పరిసరాలు కలిసి ఇచ్చిన ఫలితం.

ఉదాహరణకు 'నార్తర్న్ లైట్స్' అన్న పేరును తీసుకొందాం. ఇది ఇండికా ప్రాబల్య రకాలలో ప్రపంచ ప్రసిద్ధమైనది. ఇది అమెరికా వాయవ్య ప్రాంతంలో అఫ్ఘాన్ మూలం నుండి రూపొందినదని, 1980 దశకంలో నెదర్లాండ్స్‌కు చేరి థాయ్ మూలాలతో సంకరం చేయబడినదని విత్తన వ్యాపారులు చెబుతారు. అయితే ఈ వంశ చరిత్రకు ఆధారం వ్యాపారుల జ్ఞాపకాలే. ఏ ప్రజనన కేంద్రపు పుస్తకంలోనూ నమోదైన వంశక్రమం కాదు. నేడు ఆ పేరుతో అనేక సంస్థలు అమ్ముతున్న విత్తనాలు ఒకే జన్యురూపానికి చెందినవన్న హామీ లేదు. మన ప్రాంతంలో తూర్పు కనుమల ఆంధ్ర, ఒడిశా సరిహద్దు నుండి పట్టుబడే సరుకు విషయంలో తరచుగా వినబడే 'శీలావతి' అన్న పేరు కూడా ఇటువంటి వ్యాపార నామమే. పేరు ప్రచారం పొందినంత మాత్రాన అది రకం కాజాలదు.

లింగ వ్యవస్థ: ఆముదంతో పోలిక

గంజాయి ఎక్కువగా ఏకలింగాశ్రయి. మగ పూలు ఒక మొక్కపై, ఆడ పూలు మరొక మొక్కపై ఉంటాయి. దీనికి 20 క్రోమోజోములు ఉన్నాయి. ఎక్స్, వై క్రోమోజోములు లింగాన్ని నిర్ణయిస్తాయి. పరాగసంపర్కం గాలి ద్వారా జరుగుతుంది. మగ మొక్కలు ముందుగా పూసి, పుప్పొడి రాల్చిన తరువాత ఎండిపోతాయి. మత్తు పదార్థం ఎక్కువగా ఉండేది ఆడ మొక్కల పుష్పగుచ్ఛాలలో.

పాలమూరు విద్యార్థులకు దీనిని ఆముదంతో పోల్చి చెప్పవచ్చు. ఆముదం ద్విలింగాశ్రయి. ఒకే గెలలో కింద మగ పూలు, పైన ఆడ పూలు ఉంటాయి. ఆడ పూలు మాత్రమే ఉన్న వంశాలను ఆధారం చేసుకొని పాలెం నుండి వచ్చిన పి.సి.హెచ్.-111 వంటి హైబ్రిడ్‌లు రూపొందినవి. అధిక ఉష్ణోగ్రతలో ఆడ వంశాలపై మగ పూలు రావడం ఆముదం విత్తనోత్పత్తిలో అందరికీ తెలిసిన సమస్య. గంజాయిలో కూడా ఒత్తిడికి లోనైన ఆడ మొక్కలపై మగ పూలు వెలువడవచ్చు. లింగ వ్యక్తీకరణ జన్యువులపై, పరిసరాలపై కూడా ఆధారపడుతుందన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

గాలి ద్వారా సంపర్కం జరిగే మొక్కలో వంశశుద్ధిని కాపాడడం ఎంత కష్టమో చరిత్ర కూడా చెబుతున్నది. నేటి బంగ్లాదేశ్‌లోని నౌగావ్ ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వ అనుమతితో గంజాయి పండించిన కాలంలో, పొలం నుండి మగ మొక్కలను ఏరివేయడానికి ప్రత్యేక నిపుణులు ఉండేవారు. డేవిడ్ ప్రెయిన్ 1893 నాటి నివేదికలో ఈ పద్ధతిని వివరించినారు. 1893లో ఏర్పడి మరుసటి సంవత్సరం నివేదిక ఇచ్చిన భారత గంజాయి మందుల విచారణ సంఘం కూడా దీనిని పరిశీలించినది.

రసాయన లక్షణాలు

ఆడ పుష్పగుచ్ఛాల పైనున్న గ్రంథి కేశాలలో జిగురు వంటి స్రావం తయారవుతుంది. అందులో కన్నాబినాయిడ్లు, టెర్పీన్లు అన్న రెండు ముఖ్య వర్గాల పదార్థాలు ఉంటాయి. మత్తుకు ప్రధాన కారణం టి.హెచ్.సి. దీనిని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గావోనీ, మెకూలం శుద్ధ రూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించినారు. రెండవ ముఖ్య పదార్థం సి.బి.డి. దీనికి టి.హెచ్.సి. వంటి మత్తు గుణం లేదు. మొక్కలో ఇవి ఆమ్ల రూపంలో ఉండి, వేడి తగిలినప్పుడు బొగ్గుపులుసు వాయువును కోల్పోయి చురుకైన రూపానికి మారుతాయి.

ఈ రెండింటికీ పూర్వగామి ఒకటే. ఒక ఎంజైమ్ దానిని టి.హెచ్.సి. ఆమ్లంగా, మరొక ఎంజైమ్ సి.బి.డి. ఆమ్లంగా మారుస్తాయి. డి మైయర్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన సంకరణ ప్రయోగాలలో ఈ రెండు గుణాల అనువంశికత ఒకే స్థానంలోని రెండు సహబహిర్గత యుగ్మవికల్పాల తీరులో ఉన్నట్లు తేలినది. అది ఒకే జన్యువు కాదని, ఒకదానికొకటి అతి సమీపంలో ఉండి కలిసే సంక్రమించే జన్యువుల సముదాయమని తరువాతి జన్యుపటాలు చూపినవి. ఏది ఏమైనా మొక్క మత్తు మొక్క అవునా, కాదా అన్నది ప్రధానంగా ఈ ప్రాంతపు జన్యువులపై ఆధారపడుతుంది. ఆకు వెడల్పును, మొక్క ఎత్తును నిర్ణయించే జన్యువులు వేరు. అందుచేత ఆకును చూసి మత్తును అంచనా వేయడం పత్తి ఆకు ఆకారాన్ని చూసి దూది పోగు పొడవు చెప్పడం వంటిది.

ఇండికా రకాలలో మత్తు తక్కువ అన్న మాట కూడా నిలువదు. నేడు వ్యాపారంలోని ఇండికా, సటైవా పేర్లు గల రకాలలో అధిక భాగం టి.హెచ్.సి. హెచ్చుగా ఉన్నవే. అమెరికాలో పట్టుబడిన గంజాయిని ఎల్‌సోలీ బృందం విశ్లేషించగా, టి.హెచ్.సి. సగటు 1995లో సుమారు 4 శాతం ఉండగా 2014 నాటికి సుమారు 12 శాతానికి పెరిగినది. అదే కాలంలో సి.బి.డి. నిష్పత్తి గణనీయంగా తగ్గినది. అధిక శక్తి గల గంజాయిని ప్రతిదినం వాడేవారిలో తీవ్ర మానసిక రుగ్మతల సంభావ్యత ఎక్కువగా ఉన్నట్లు 2019లో ఐరోపా నగరాలలో జరిగిన అధ్యయనం తెలిపినది. యువతకు బోధించేటప్పుడు ఈ విషయం విస్మరించరాదు.

పేరుకు ఉన్న విలువ ఎంత?

జన్యు విశ్లేషణలు ఈ పేర్లను పరీక్షకు పెట్టినవి. కెనడా శాస్త్రవేత్తలు సాయర్, ఆయన బృందం 2015లో 81 మత్తు గంజాయి నమూనాలను, 43 హెంప్ నమూనాలను పోల్చినారు. వ్యాపారులు చెప్పిన ఇండికా, సటైవా వాటాలకూ జన్యు నిర్మాణానికీ ఒక మోస్తరు సంబంధం మాత్రమే కనబడినది. ఒకే పేరు గల నమూనాలు కొన్ని సందర్భాలలో వేరు పేరు గల వాటికి దగ్గరగా ఉన్నాయి. వాట్స్, ఆమె సహచరులు 2021లో ప్రచురించిన అధ్యయనం మరింత స్పష్టమైనది. ఈ పేర్లు మొత్తం జన్యు వైవిధ్యాన్ని గాని, మొత్తం రసాయన వైవిధ్యాన్ని గాని సరిగా ప్రతిబింబించలేదు. కొన్ని టెర్పీన్లతో మాత్రమే సంబంధం కనబడినది. మిర్సీన్ వంటి వాసన ద్రవ్యాలు ఎక్కువగా ఉన్న నమూనాలకు ఇండికా అన్న పేరు తగిలించడం జరుగుతున్నదని తేలినది. అనగా ఆ పేరు చాలావరకు వాసనను బట్టి పెట్టినదే గాని వంశాన్ని బట్టి పెట్టినది కాదు.

ఈ విషయాన్ని గద్వాల సీడ్ పత్తి పొలంలో నిలబడి ఆలోచిస్తే మరింత స్పష్టమవుతుంది. అక్కడ ఒక హైబ్రిడ్ పేరు వెనుక నిర్దిష్టమైన ఆడ, మగ వంశాలు ఉంటాయి. సాయంకాలం ఆడ వరుసలలోని మొగ్గల నుండి కేసరాలను తొలగించి, మరునాటి ఉదయం మగ పూల పుప్పొడిని చేతితో అద్దుతారు. దీనినే రైతులు క్రాసింగ్ అంటారు. వేర్పాటు దూరం పాటిస్తారు. కేళీలను ఏరివేస్తారు. పండిన విత్తనం గ్రో అవుట్ పరీక్షకు వెళుతుంది. ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం పత్తి హైబ్రిడ్‌లో కనీసం 90 శాతం జన్యుశుద్ధి ఉండాలి. పరీక్షలో తప్పితే సీజను మొత్తం పడిన కష్టం వృథా అవుతుంది. ఆ బాధ ఏమిటో నడిగడ్డ రైతుకు చెప్పవలసిన పని లేదు.

దీనికి తోడు 1966 విత్తన చట్టం, 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఉన్నాయి. రకం విశిష్టంగా, ఏకరూపంగా, స్థిరంగా ఉన్నదని నిరూపించినప్పుడే నమోదు లభిస్తుంది. అక్రమ మార్గాలలో తిరిగే గంజాయి విత్తనానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. వంశం తెలియదు, పరీక్ష జరుగదు, బాధ్యుడు ఉండడు. పైగా విత్తనం ద్వారా వచ్చే సంతతిలో గుణాలు విడిపోతాయి. కనుక ఆ సంచి మీది 'ఇండికా' లేదా 'తక్కువ మత్తు' అన్న మాటకు చిరునామా లేని ఉత్తరానికి ఉన్న విలువ మాత్రమే ఉన్నది.

పొలంలో గుర్తింపు, పేర్ల గందరగోళం

విస్తరణ సిబ్బంది గంజాయిని తప్పక గుర్తించగలగాలి. పొరపాటున అమాయక రైతుపై అనుమానం పడకుండా చూడడానికి కూడా ఈ జ్ఞానం అవసరం. గంజాయి ఆకు హస్తాకార సంయుక్త పత్రం. సాధారణంగా ఐదు నుండి తొమ్మిది పత్రకాలు ఒకే బిందువు నుండి వెలువడుతాయి. ప్రతి పత్రకపు అంచు రంపపు పళ్ళ వలె ఉంటుంది. కింది కణుపుల వద్ద ఆకులు అభిముఖంగా, పైన ఏకాంతరంగా ఉంటాయి. కాండం గాడులు పడి ఉంటుంది. నలిపితే ఘాటైన ప్రత్యేక వాసన వస్తుంది. వెడల్పాకు రకమైనా, సన్నాకు రకమైనా ఈ మౌలిక లక్షణాలు మారవు.

మన జిల్లాలలో పొరబడడానికి అవకాశం ఉన్న మొక్కలు నాలుగు. మొదటిది గోగు. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకులు గంజాయి ఆకును పోలి ఉండుట వలననే ఆ పేరు వచ్చినది. అయితే గోగు ఆకు లోతుగా చీలిన ఒకే పత్రం, విడి పత్రకాలు కావు. కాండంపై సన్నని ముళ్ళు ఉంటాయి. నడుమ ముదురు రంగు గల పెద్ద పూలు పూస్తాయి. రెండవది వావిలి. దాని ఆకు కూడా హస్తాకార సంయుక్త పత్రమే గాని సాధారణంగా మూడు నుండి ఐదు పత్రకాలే ఉంటాయి. అది కొయ్యబారిన పొద. మూడవది వామింట. పత్రకాల అంచు రంపపు పళ్ళ వలె ఉండదు, పొడవైన కాయలు కాస్తుంది. నాలుగవది ఆముదం. దాని ఆకు ఒకే వెడల్పైన తమ్మెల పత్రం, కాడ ఆకు అడుగు భాగం నడుమ అతుకుతుంది.

రూపం కంటె మాటల గందరగోళం ఎక్కువ ప్రమాదకరం. ఇంగ్లీషులో హెంప్ అన్న మాటను గంజాయి జాతి నార మొక్కకే గాక జనుముకు, కిత్తనారకు సైతం విశేషణంతో చేర్చి వాడుతారు. తెలుగు అనువాదాలలో హెంప్ అన్నచోట జనపనార, జనుము, గోగునార అన్న మాటలు విచ్చలవిడిగా పడుతున్నాయి. జనుము చిక్కుడు కుటుంబపు పచ్చిరొట్ట పైరు. గోగు బెండ కుటుంబానికి చెందినది. జనపనార అన్నది సాధారణ వాడుకలో గోనె సంచుల నార. వీటి సాగుకు ఏ నిషేధమూ లేదు. 'జనపనార సాగుకు అనుమతి' అన్న శీర్షిక కింద ఉన్నది నిజానికి పారిశ్రామిక గంజాయి గురించిన వార్త అయితే, రైతు రెండు విధాలా మోసపోతాడు. కనుక తెలుగులో రాసేటప్పుడు 'నార గంజాయి' లేక 'పారిశ్రామిక గంజాయి' అని స్పష్టంగా రాయడం మన కనీస ధర్మం.

చట్టం ఏమి చెబుతున్నది?

1985 నాటి మాదక ద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టం గంజాయి మొక్కను 'కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా' అని నిర్వచించినది. ఈ ఒక్క వాక్యంతో ఇండికా, సటైవా, హెంప్ అన్న భేదం చట్టం దృష్టిలో తొలగిపోతున్నది. పూత భాగాలు లేని ఆకులు, గింజలు గంజాయి అన్న పదార్థపు నిర్వచనంలోకి రావన్నది నిజమే. కాని మొక్కను సాగు చేయడమే వేరుగా నేరం. 8వ విభాగం సాగును నిషేధిస్తున్నది. 20వ విభాగం దానికి పదేండ్ల వరకు కఠిన కారాగారాన్ని, లక్ష రూపాయల వరకు జరిమానాను విధిస్తున్నది.

మినహాయింపు 10, 14 విభాగాలలో ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం అనుమతి పద్ధతిని ఏర్పరచవచ్చు. నార, గింజలు వంటి పారిశ్రామిక అవసరాలకు లేక ఉద్యాన అవసరాలకు ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా సాగును అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ ఈ మార్గంలో 0.3 శాతం టి.హెచ్.సి. పరిమితితో పారిశ్రామిక గంజాయికి అనుమతి పద్ధతిని ఏర్పరచినది. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ అనుమతితో ఔషధ పరిశోధన చేస్తున్నది. గంజాయి గింజలను, గింజల నూనెను ఆహారంగా నిర్ణీత పరిమితులలో అమ్మడానికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో నిబంధనలు వెలువరించినది. కాని ఆహారంగా అమ్మకానికి ఉన్న అనుమతి సాగుకు అనుమతి కాదు. ఒక రాష్ట్రపు అనుమతి మరొక రాష్ట్రంలో చెల్లదు. ఆ 0.3 శాతం గీత కూడా ప్రకృతి గీసినది కాదు. స్మాల్, క్రాంక్విస్ట్ 1976లో వర్గీకరణ సౌలభ్యం కోసం ఎంచుకొన్న అంకెయే తరువాత అనేక దేశాల చట్టాలలో చేరినది.

విస్తరణ వ్యవస్థకు నేరుగా సంబంధించినవి 46, 47 విభాగాలు. తన భూమిలో గంజాయి అక్రమంగా సాగవుతున్నట్లు తెలిసిన భూమిదారు వెంటనే సమాచారం ఇవ్వాలి. ప్రభుత్వ అధికారులకు, పంచాయతీ సభ్యులకు, సర్పంచులకు, గ్రామాధికారులకు అదే బాధ్యత ఉన్నది. నిర్లక్ష్యం చేస్తే వారు కూడా శిక్షార్హులు. కాబట్టి 'అది ఎక్సైజు వారి పని' అని మండల వ్యవసాయ అధికారి తప్పుకొనే వీలు లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

రైతు శిక్షణలలో ఎదురయ్యే ప్రశ్నలకు సమాధానం సూటిగా, సానుభూతితో ఉండాలి.

1. 'ఇది ఇండికా రకమట సార్, మందుల కోసమట' అని అడిగిన రైతుకు చట్టంలో రకం పేరుకు చోటు లేదని, ప్రజాతి మొత్తానికి నిషేధం వర్తిస్తుందని చెప్పాలి.

2. 'పత్తి చేనులో, కంది సాళ్ళలో పది మొక్కలే కదా' అన్నవారికి సాగు నేరానికి మొక్కల కనీస సంఖ్య ఏదీ లేదని తెలుపాలి. కౌలుకు ఇచ్చిన భూమి విషయంలో యజమాని తెలిసి ఊరుకొంటే తానూ చిక్కుకొంటాడని హెచ్చరించాలి. గంజాయి సాగు చేసినవారికి రైతుబంధు నిలిపివేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన విషయాన్ని గుర్తు చేయవచ్చు.

3. 'కంపెనీ తిరిగి కొంటుందట' అన్నవారిని ప్రభుత్వం ఇచ్చిన సాగు అనుమతి పత్రం చూపమని కంపెనీని అడగమనాలి. ప్రైవేటు ఒప్పందం ఆ అనుమతికి బదులు కాజాలదు. జట్రోఫా, సఫేద్ ముస్లీ, ఈము పక్షుల విషయంలో తిరిగి కొనుగోలు మాటలను నమ్మి నష్టపోయిన రైతుల అనుభవం తెలుగు నేలలో ఇంకా పచ్చిగానే ఉన్నది. అక్కడ పోయినది పెట్టుబడి. ఇక్కడ పోయేది స్వేచ్ఛ.

4. గట్ల మీద తనంతట తాను మొలిచినట్లు కనబడిన మొక్కను రైతు చూపినప్పుడు, దాచిపెట్టమనీ, తగులబెట్టమనీ సలహా ఇవ్వరాదు. వెంటనే పోలీసు లేక ఎక్సైజు అధికారికి తెలియజేయించాలి. స్వయంగా సమాచారం ఇచ్చిన రైతు పక్షాన మన సాంకేతిక నివేదిక నిలవాలి.

5. గంజాయి వైపు మనసు లాగేది ప్రధానంగా అప్పు. సీడ్ పత్తిలో దెబ్బతిన్న చిన్న రైతుకు వేరుశనగ, కంది, ఆముదం, కూరగాయలలో సాధ్యమైన ఆదాయ మార్గాన్ని లెక్కకట్టి చూపకుండా నీతి మాత్రమే చెబితే ఫలితం ఉండదు.

ముగింపు

ఇండికా అన్న పేరు మన దేశపు మొక్కకు పుట్టి, అఫ్ఘాన్ మొక్కకు మారి, నేడు వాసనకూ వ్యాపారానికీ గుర్తుగా మిగిలినది. వెడల్పాకు, పొట్టి కాండం, త్వరిత పక్వత అన్నవి ఈ వర్గపు రూప లక్షణాలే. అవి మత్తు తక్కువన్న దానికి సూచికలు కావు, సాగుకు అనుమతి పత్రాలు అంతకంటె కావు. గంజాయి మీద శాస్త్రీయ పరిశోధన అవసరమే. ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యాల సంఘం 2020 డిసెంబరులో గంజాయిని 1961 ఒప్పందపు అత్యంత కఠిన పట్టిక నుండి తొలగించినప్పుడు భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసినది. రేపు చట్టం మారితే అనుమతి పొందిన పరిశోధన కేంద్రాలు ఈ మొక్కను పరీక్షిస్తాయి, వంశశుద్ధి గల రకాలు రావచ్చు. అంతవరకు ఆ ప్రయోగానికి రెండెకరాల రైతు పొలం వేదిక కారాదు. పేరుకు వంశం, వంశానికి పరీక్ష, పరీక్షకు బాధ్యుడు ఉండాలన్నది నడిగడ్డ రైతు సీడ్ పత్తిలో నేర్చుకొన్న పాఠం. ఆ పాఠాన్నే ఈ కొత్త పేరుకు కూడా వర్తింపజేయమని అతనికి గుర్తు చేయడం మన పని.